రెండోసారి మీట నొక్కేముందు

కంప్యూటర్ మీట వేయగానే క్యాబినెట్ వెనక టప్పుమని చప్పుడు, ఫ్యాను జాలీలోంచి ఒక మెరుపు, ఆ వెంటే ముక్కు మండించే ఘాటు వాసనతో సన్నటి పొగ. కోనసీమలోని మన బండారులంకలో ఉన్న పెద్దవాళ్ళు కంగారుపడి అమెరికాలోనో కువైట్‌లోనో ఉన్న పిల్లలకు వీడియో కాల్ చేస్తారు. అవతలి నుంచి చాలాసార్లు వచ్చే మొదటి మాట, "ఇంకోసారి ఆన్ చేసి చూడండి నాన్నా" అని. ఆ ఒక్క మాట అనకండి అని చెప్పడానికే ఈ వ్యాసం. మొదటి రవ్వ సాధారణంగా ఒకటి రెండు భాగాలనే బలి తీసుకుంటుంది. రెండోసారి మీట నొక్కితే వాటి పక్కనున్నవీ పోతాయి, తప్పు ఎక్కడుందో చెప్పే ఆనవాళ్ళూ పోతాయి. మనది చేనేతకు పేరున్న ఊరు. మగ్గం మీద పోగు తెగితే నేతగాడు నాడె ఆపేస్తాడు; తెగిన కొసను వెదికి పట్టుకుని ముడి వేసేదాకా ఇంకో పేక వేయడు. పొగ వచ్చిన కంప్యూటర్ విషయంలోనూ అంతే ఓపిక కావాలి, అందుకు కారణాలు దాని లోపలే ఉన్నాయి.

గంటసేపు పనిచేశాక రాని పొగ మీట వేసిన క్షణంలోనే ఎందుకు వస్తుంది? కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టెను మనవాళ్ళు ఎస్‌ఎంపీఎస్ అంటారు. అది గోడ నుంచి వచ్చే 230 వోల్టుల ఏసీని డీసీగా మార్చి, ముందుగా పెద్ద కెపాసిటర్లలో నింపుకుంటుంది. 230 అని మనం అనేది ఒక రకం సగటు. తరంగం శిఖరానికి చేరినప్పుడు అది సుమారు 325 వోల్టులు. మెషిన్ చాలాసేపు ఆపి ఉంటే ఆ కెపాసిటర్లు ఖాళీ. లాకులెత్తగానే ఎండిన పంటకాలవలోకి గోదావరి నీళ్ళు దూకినట్టు, మీట వేసిన తొలి క్షణంలో కరెంటు మామూలు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా దూకుతుంది. బలహీనపడిన భాగం ఏదైనా ఉంటే ఆ దూకుడుకే తెగుతుంది. అందుకే సాకెట్టు మీట వేసి ఉండగా ప్లగ్గు గుచ్చితే పిన్నుల దగ్గర చిటుక్కుమని చిన్న నీలి రవ్వ కనిపించవచ్చు, దానికి భయపడనక్కర్లేదు. ప్లగ్గు వదులుగా ఉండి, రవ్వలు మళ్ళీమళ్ళీ వచ్చి, ఇత్తడి పిన్ను నల్లబడితే మాత్రం మార్చాల్సింది సాకెట్టును, కంప్యూటర్‌ను కాదు. కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది ఇదే: రవ్వ గోడ దగ్గర వచ్చిందా, పెట్టె లోపల వచ్చిందా?

లోపల వచ్చిందనుకుందాం. అమెరికా నుంచి మెషిన్ వచ్చిన ఇళ్ళవాళ్ళు అన్నిటికన్నా ముందు అనుమానించాల్సింది ఎస్‌ఎంపీఎస్ వెనక, కేబులు గుచ్చే చోటుకు దగ్గరలో ఉండే గోటంత ఎర్ర స్విచ్చును. దాని మీద ఒక పక్క 115, ఒక పక్క 230 అని ఉంటుంది. అమెరికాలో వాడి, కొత్తది కొనుక్కున్నాక ఇంటికి పంపిన పాత డెస్క్‌టాప్‌లో అది 115 మీదే ఉండిపోతుంది. 115 వైపు ఉన్నప్పుడు లోపలి సర్క్యూట్ వోల్టేజీని రెట్టింపు చేసే పద్ధతిలో నడుస్తుంది: ఒక కెపాసిటర్ ఒక అర్ధ తరంగంతోనూ, రెండోది మరో అర్ధ తరంగంతోనూ నిండుతాయి. అమెరికా కరెంటుతో ఒక్కో కెపాసిటర్ మీద పడేది సుమారు 160, 170 వోల్టులు. మామూలుగా వాటిని 200 వోల్టులకు తయారుచేస్తారు కనుక ఇబ్బంది లేదు. అదే స్విచ్చుతో మన 230 వోల్టులు ఇస్తే ఒక్కోదాని మీద 325, రెండూ కలిపి 650. కెపాసిటర్ నెత్తి పగిలి ద్రవం చిమ్ముతుంది, లేదా వోల్టేజీ పోటును అడ్డుకునే వేరిస్టర్ పేలుతుంది, ఫ్యూజు పోతుంది. ఇదంతా కన్ను మూసి తెరిచేలోపు జరిగిపోతుంది. తిరగేసి చూస్తే, 230 మీద పెట్టిన మెషిన్‌ను అమెరికాలో గుచ్చితే ఏమీ కాలదు, అది లేవనే లేవదు. ప్రమాదమంతా అక్కడి నుంచి ఇక్కడికి వచ్చే దారిలోనే.

ఇప్పటి మెషిన్లకు ఆ ఎర్ర స్విచ్చే లేదు కదా అనవచ్చు. నిజమే, ఈ రోజుల్లో మంచి ఎస్‌ఎంపీఎస్‌లు 100 నుంచి 240 దాకా దేనికైనా తమంతట తామే సర్దుకుంటాయి. లేబుల్ మీద 100–240 అని ఉంటే ఈ అనుమానం కొట్టేయవచ్చు. కానీ ఇంటికి చేరేవి ఎక్కువగా పాతవి. పైగా స్విచ్చు లేని మెషిన్‌తో పాటు అమెరికాలో కొన్న సర్జ్ ప్రొటెక్టర్ పట్టీ కూడా పెట్టెలో వస్తుంది. దానిలోని వేరిస్టర్లు అక్కడి 120 వోల్టుల లెక్కకు అమర్చినవి. మన కరెంటు తగలగానే అవి వేడెక్కి పొగలు కక్కుతాయి, నింద కంప్యూటర్ మీద పడుతుంది. ఈ వోల్టేజీ తేడా తట్టకుండా మనల్ని మోసం చేసేది కేబులే. కంప్యూటర్ వైపు ఉండే మూడు కన్నాల కొస ప్రపంచమంతటా ఒకటే కావడంతో మన అమలాపురంలో కొన్న కేబులు అమెరికా మెషిన్‌లో చక్కగా అమరుతుంది. ఆకారం కుదిరింది కనుక వోల్టేజీ కూడా కుదిరినట్టే అనిపిస్తుంది.

అనుమానాలన్నీ విమానం ఎక్కి వచ్చినవే అనుకోకూడదు, ఊళ్ళో పుట్టేవీ ఉన్నాయి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో స్తంభం మీదో న్యూట్రల్ తెగితే కొన్ని ఇళ్ళలో వోల్టేజీ 400 వైపు ఎగబాకుతుంది. అప్పుడు పక్కింటి టీవీ, ఎదురింటి ఫ్రిజ్ కూడా అదే వేళకు పోతాయి. కాబట్టి వీధిలో ఇంకెవరికైనా ఏమైనా పోయిందా అని అడగడం కూడా రోగనిర్ధారణలో భాగమే. ఇక కోనసీమ గాలి. రెండు గోదావరి పాయలకూ సముద్రానికీ మధ్యనున్న నేల మనది. ఏడాదికోసారి పిల్లలు వచ్చినప్పుడే తెరిచే కంప్యూటర్‌లో దుమ్ము పేరుకుంటుంది, దానికి ఉప్పు చెమ్మ తోడై వానాకాలంలో కరెంటు దాని మీదుగా అడ్డదారి పడుతుంది. వెచ్చదనం కోసం దూరిన బల్లి ఒక్కటి చాలు, రెండు కొసలను కలిపేయడానికి. వయసు కూడా లెక్కలోకి తీసుకోవాలి. 1999కీ 2007కీ మధ్య తయారైన ఎన్నో మదర్‌బోర్డుల్లో నాసిరకం ద్రవం పోసిన కెపాసిటర్లు పడ్డాయి. డెల్ ఆప్టిప్లెక్స్ జీఎక్స్270 ఆ సంగతికే పేరుమోసింది. నెత్తి మీద గీతలున్న చిన్న డబ్బాల్లాంటి ఆ కెపాసిటర్లు ఉబ్బి, గోధుమరంగు జిగురు కారుస్తూ కనిపిస్తాయి.

ఇవన్నీ మీట నొక్కకుండానే తెలుసుకోగల సంగతులు. ప్లగ్గు పీకేసి, పక్క రేకు విప్పి, టార్చి వేసి చూడాలి, వాసన పట్టాలి. వాసన ఎస్‌ఎంపీఎస్ జాలీ దగ్గర ఘాటుగా ఉంటే తప్పు అక్కడే అయ్యే అవకాశం ఎక్కువ. బోర్డు మీద ఒకచోట మసి కనిపిస్తే ఆ చోటే. డిస్కుకు కరెంటిచ్చే కనెక్టర్ కరిగి ఉంటే, చవక కన్వర్టర్ కేబులును అనుమానించాలి. ఎస్‌ఎంపీఎస్ పెట్టెను మాత్రం ఇంట్లో విప్పొద్దు. ప్లగ్గు తీశాక కూడా దానిలోని పెద్ద కెపాసిటర్లలో ప్రాణం తీసేంత కరెంటు కాసేపు నిలిచి ఉంటుంది. దాన్ని ఊడదీసి మెకానిక్‌కు ఇస్తే ఫిలమెంటు బల్బును సీరీస్‌లో కలిపి చూస్తాడు. బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే షార్టు లేనట్టే, నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టు ఉన్నట్టు. ఫ్యూజు ఒక్కటే పోయింది, మార్చేస్తే సరిపోతుంది అనే మాట తరచూ వినిపిస్తుంది. ఫ్యూజు ఊరికే పోదు. సాధారణంగా దాని వెనకనున్న వేరిస్టరో ట్రాన్సిస్టరో డయోడ్ల వంతెనో షార్టయితేనే పోతుంది. కారణం తీయకుండా కొత్త ఫ్యూజు వేస్తే అదీ పోతుంది. లావు తీగ చుడితే ఈసారి బోర్డు మీది రాగి గీతలే కాలతాయి.

పాత డబ్బా, ఇంత గొడవ ఎందుకు, పారేసి కొత్తది కొనొచ్చు కదా అనేది గట్టి అభ్యంతరమే. మెషిన్ ఖరీదు వరకు నేనూ ఒప్పుకుంటాను. కానీ అందులోని డిస్కులో పెళ్ళి ఫోటోలు, పొలం కాగితాల స్కాన్లు ఉంటాయి, వాటికి ఇంకో ప్రతి ఉండదు. నిజానికి ఆశ ఉన్నదీ అక్కడే. ఎస్‌ఎంపీఎస్‌లో గోడ కరెంటు వైపుకూ కంప్యూటర్ వైపుకూ మధ్య ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, ఒకవైపు తీగ రెండోవైపును తాకదు. ఎర్ర స్విచ్చు ప్రమాదంలో పేలేది ఎక్కువగా గోడ వైపే. మదర్‌బోర్డు, డిస్కు చాలాసార్లు చెక్కుచెదరకుండా బతుకుతాయి. అందుకే మెకానిక్ దగ్గరికి ముందు డిస్కును ఊడదీసి విడిగా పంపండి. యూఎస్‌బీ కేసులో పెట్టి ఇంకో కంప్యూటర్‌లో తెరిచి, ఉన్నదంతా కాపీ తీయించండి. డిస్కు తగిలించినప్పుడల్లా కొత్త ఎస్‌ఎంపీఎస్ కూడా లేవకుండా, తీసేయగానే లేస్తుంటే, డిస్కు బోర్డు మీద కరెంటు వచ్చే చోట కాపలాగా పెట్టిన చిన్న డయోడు షార్టయి ఉండవచ్చు. అది వోల్టేజీ పోటును తన మీదికి తీసుకుని మిగతాదాన్ని కాపాడే భాగం. అనుభవమున్నవాళ్ళు దాన్ని ఊడదీసి, సరైన కరెంటు ఇచ్చి, ఫోటోలు బయటికి తీయగలుగుతారు.