లెక్కకు రాని బోర్లు

షాద్‌నగరు పరిసరముల చెల్కలలో బోరు వేయించు దినము రైతు ఇంట పండుగ వంటిది, పరీక్ష వంటిది కూడ. యంత్రము రాకమునుపే నీటిజాడ చెప్పువాడు వచ్చును. అరచేతిలో కొబ్బరికాయను పడుకోబెట్టుకొని పొలమంతయు నడచును. కాయ నిటారుగా లేచిన చోట గుర్తు పెట్టుదురు. కొందఱు కొబ్బరికాయకు బదులు వేపపంగను పట్టుకొని నడతురు. నీరు పడినచో ఆ వార్త నాలుగూళ్లకు ప్రాకును. పడనిచో ఆ గుంతపై రాయి కప్పుదురు. దానితోపాటు ఆ మాటయు కప్పబడును.

మనుష్యుడు ప్రతి విషయమును మొదటినుండి తూచి నిర్ణయింపలేడు. అందుచే మనస్సు కొన్ని అడ్డదారులను ఏర్పఱచుకొన్నది. అవి చాలసార్లు మేలు చేయును. ఒక్కొక్కసారి దారి తప్పించును. ఈ సంగతిని ఏమోస్ ట్వర్స్కీ, డేనియల్ కానెమన్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1974లో ‘సైన్స్’ పత్రికలో వివరించిరి. ట్వర్స్కీ 1996లో మరణించెను. కానెమన్‌కు 2002లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమతి లభించెను. సులభముగా జ్ఞప్తికి వచ్చుదానిని మనము తఱచుగా జరుగునదిగా భావింతుమని వారు చూపిరి. నీరు పడిన బోరు పచ్చని మడియై దారిన పోవువారికి కనబడును. ఎండిన బోరు ఎవరికిని కనబడదు. కనుకనే కొబ్బరికాయ ఎన్నడును తప్పదను నమ్మకము నిలిచియున్నది.

ఈ ప్రాంతమున నేల క్రింద నున్నది గ్రానైటు శిల. దాని పైభాగము శిథిలమై మెత్తబడిన చోట నీరు నిలుచును. అడుగున గట్టి రాతిలో పగుళ్లున్న చోట మాత్రమే నీరుండును. కాయ లేచినను లేవకున్నను, అనేక స్థలములలో ఎంతో కొంత నీరు తగులవచ్చును. కాయ లేవని చోట త్రవ్వినచో ఏమగును? ఆ ప్రశ్న వేయువారు లేరు, అచట త్రవ్వువారును లేరు. సగము లెక్కతోనే తీర్పు ముగియుచున్నది.

రెండవ అడ్డదారి ఇంతకంటె ఖరీదైనది. మూడు వందల అడుగులు దిగినను దుమ్మే లేచుచుండును. అడుగడుగునకు కూలి పెరుగుచుండును. అప్పుడు రైతు, “ఇంత దూరం వచ్చినం, ఇంకో యాభై ఫీట్లు వెయ్యి అన్నా” అనును. ఆగినను సాగినను పోయిన సొమ్ము తిరిగి రాదు. రాని సొమ్మును చూచి ముందడుగు వేయు ఈ స్వభావమును ఆర్క్స్, బ్లూమర్ అను పరిశోధకులు 1985లో ప్రయోగములతో నిరూపించిరి. మూడు బోర్లు ఎండినవి కనుక నాల్గవది తప్పక పడుననుట మఱియొక భ్రమ. భూమికి మన నష్టముల జ్ఞాపకము లేదు. ఒకే చెల్కలో మూడు ఎండుట నాల్గవదానికి హెచ్చరికయే కాని హామీ కాదు. అప్పు మాత్రము నాలుగింటికిని పెరుగును.

ఇది చదువురాని వారి దోషమని ఎంచరాదు. కానెమన్ తానే ఉపాధ్యాయుడుగా పరీక్షాపత్రములు దిద్దునప్పుడు, ఒక విద్యార్థి మొదటి జవాబు బాగున్నచో తరువాతి జవాబులకును ఉదారముగా మార్కులు వేయుచున్నట్లు గుర్తించెను. ఇకమీద జాగ్రత్తగా ఉందునని సంకల్పించి ఊరకుండలేదు, పద్ధతినే మార్చెను. అందఱి మొదటి జవాబులను దిద్దిన పిమ్మటనే రెండవ జవాబులకు పోయెను. మనస్సును మందలించుటకంటె పద్ధతిని మార్చుట మేలని దీని సారము.

బోరునకును అట్టి పద్ధతి కలదు. ఎన్ని అడుగులు, ఎన్ని రూపాయలు అన్నది యంత్రము రాకముందే ఇంటివారందఱు కూర్చుండి కాగితముపై వ్రాసికొనవలెను. జాతీయ దూరసంవేదన కేంద్రము వారు ఉపగ్రహ చిత్రముల సాయమున భూగర్భజల పటములు తయారు చేసియున్నారు. ఉపగ్రహముల సమాచారమును అందుకొను వారి కేంద్రము షాద్‌నగరుననే ఉన్నది. పటమును నీటికి హామీ ఇయ్యదు. ఎచట అవకాశము హెచ్చో మాత్రము చెప్పును.

పాఠశాలలో చేయదగిన పని మఱియొకటి కలదు. విద్యార్థులు తమ ఊరి పెద్దల నడిగి నాలుగు గడుల పట్టిక వ్రాయవచ్చును: కాయ చూచి వేసినవి, చూడక వేసినవి, వానిలో నీరు పడినవి, ఎండినవి. నాలుగు గడులును నిండిన నాడు కొబ్బరికాయ మహిమ ఎంతయో ఆ పట్టికయే చెప్పును. ఎండిన బోరునకు కూడ ఒక గడి కేటాయించుటయే వివేకమునకు మొదటి పాఠము.