పిల్లి వెళ్లిపోయినా ఆయాసం ఎందుకు తగ్గలేదు?

ఫ్యామిలీస్ ఓన్లీ, వెజ్ ఓన్లీ, నో పెట్స్. టులెట్ బోర్డుల మీద ఇలాంటివి మీరూ చూసే ఉంటారు. అందుకే రాజమండ్రి దానవాయిపేటలో మా నలుగురికీ మేడ మీద పోర్షన్ దొరికితే పండగ చేసుకున్నాం. కింద ఓనరు మామ్మగారు, వాళ్లబ్బాయి, కోడలు, ఆరేళ్ల మనవడు ఉంటారు. అడ్వాన్స్ ఇచ్చాం, తాళాలు తీసుకున్నాం, అంతే. అగ్రిమెంట్ కాగితం లేదు. పెట్స్ గురించి ఆవిడ చెప్పలేదు, మేం అడగలేదు.

వానాకాలంలో మెట్ల కింద తడిసి వణుకుతున్న పిల్లిపిల్ల కనిపిస్తే పైకి తెచ్చేశాం. రెండు నెలలు గుట్టుగా పెంచాం. ఈ సంగతి తెలిసిన ఒకే ఒక్కడు ఆ మనవడు. సాయంత్రం అవ్వగానే పైకొచ్చి దాన్ని ఒళ్లో పెట్టుకుని ఆడుకునేవాడు.

ఒకరోజు పొద్దున్నే మామ్మగారు వచ్చారు. "బాబూ, మావాడికి రాత్రంతా ఆయాసం. నెబ్యులైజర్ పెట్టాం. మీ దగ్గర పిల్లుందటగా? ఒక్క మాట చెప్పుంటే బాగుండేది కదమ్మా" అన్నారు. తిట్టలేదు. తిట్టుంటే ఇంత బాధ అనిపించేది కాదేమో.

గోదావరి గట్టు మీద వదిలేద్దాం అన్నాడు మావాడొకడు. కానీ పెంచుకున్న జంతువుని తిండీ నీళ్లూ లేక అల్లాడేలా వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం. చివరికి కడియపులంకలో నర్సరీ ఉన్న క్లాస్‌మేట్ తీసుకెళ్లాడు.

సమస్య అయిపోయిందనుకున్నాం. రెండు వారాలైనా పిల్లాడి ఆయాసం తగ్గలేదు. పిల్లిని ఇంకా దాచామేమో అని మామ్మగారికి అనుమానం. అప్పుడు కూర్చుని చదివాను.

మనవాళ్లు ఎలర్జీని "పడదు" అంటారు. పిల్లి వెంట్రుక పడదు అనుకుంటాం గానీ, అసలు కారణం వెంట్రుక కాదు. ఫెల్ డి 1 అనే ప్రోటీన్. అది పిల్లి లాలాజలంలో, చర్మంలోని నూనె గ్రంథుల్లో తయారవుతుంది. పిల్లి ఒళ్లంతా నాక్కుంటుంది కదా, అది ఎండి సన్నటి పొట్టులా గాల్లో తేలుతుంది. గోడలకి, కర్టెన్లకి, పరుపులకి, మన బట్టలకి అంటుకుంటుంది. అందుకే పిల్లి వెళ్లిపోయాక కూడా నెలల తరబడి ఇంట్లో ఉంటుంది. కుక్కలకీ ఇలాంటి ప్రోటీన్లున్నాయి. బొచ్చు తక్కువున్న జాతైతే ఎలర్జీ రాదన్నది నమ్మకమే తప్ప గ్యారంటీ కాదు.

ఇంకో అనుమానితుడు కూడా ఉన్నాడు. డస్ట్ మైట్స్ అనే కంటికి కనపడని పురుగులు పరుపుల్లో, దిండ్లలో మన చర్మపు పొట్టు తిని బతుకుతాయి. వాటికి తేమ కావాలి. గోదావరి జిల్లాల్లో తేమకి కొదవేముంది! డాక్టరుగారు టెస్ట్ చేయిస్తే ఆ పిల్లాడికి పిల్లితో పాటు డస్ట్ మైట్స్ కూడా పడవని తేలింది. దుప్పట్లు 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకడం, తడిగుడ్డతో తుడవడం, పరుపుకి జిప్ కవర్ వేయడం మొదలుపెట్టారు. మా గది కర్టెన్లు మేమే ఉతికాం.

మరి రూల్స్ ఏమంటాయి? యానిమల్ వెల్ఫేర్ బోర్డ్ ఆఫ్ ఇండియా 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు పెంపుడు జంతువుల్ని నిషేధించకూడదు, మెజారిటీ ఓటుతో కూడా. కానీ ఓనరు తన ఇంటిని అద్దెకిచ్చేటప్పుడు అగ్రిమెంట్‌లో షరతు రాసుకోవడం వేరే విషయం. ఇంగ్లండ్‌లో 2025లో చేసిన రెంటర్స్ రైట్స్ యాక్ట్ ఇంకో దారి చూపిస్తుంది. అద్దెకున్నవాళ్లు రాతపూర్వకంగా అడగాలి, ఓనరు సరైన కారణం లేకుండా కాదనకూడదు. అడగడం, కారణం చెప్పడం, రెండూ ఉన్నాయి అందులో.

మా ఇంట్లో లేనిది అదే. నో పెట్స్ అనే బోర్డు వెనక గోడలు పాడవుతాయన్న భయం ఉండొచ్చు, ఉబ్బసం ఉన్న పిల్లాడు ఉండొచ్చు. మొదటిదైతే అడ్వాన్స్ పెంచో, ఖాళీ చేసేటప్పుడు సున్నం వేయించో సర్దుకోవచ్చు. రెండోది డబ్బుతో తీరేది కాదు. ఏది కారణమో అడిగితేనే తెలుస్తుంది.

కాబట్టి ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు అద్దె, నీళ్లు, వైఫైతో పాటు మూడు ప్రశ్నలు అడగండి. ఇక్కడ పెంపుడు జంతువు ఉండొచ్చా? ఇంట్లో ఎవరికైనా పడదా? మనకంటే ముందున్నవాళ్లు పిల్లినో కుక్కనో పెంచారా? మూడోది ఎలర్జీ ఉన్నవాళ్లు మర్చిపోకూడదు. జవాబులు కాగితం మీద రాసుకోండి.

మేం ఇప్పుడు రాసుకున్నాం, మామ్మగారు కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి మరీ సంతకం పెట్టారు. మనవడు ఇప్పటికీ సాయంత్రం పైకొస్తాడు. నర్సరీలో పూలకుండీల మధ్య పడుకున్న పిల్లి ఫొటోలు నా ఫోన్‌లో చూసి వెళ్తాడు.