క్రెడిట్లు నిండినా డిగ్రీ చేతికి రాలేదు: జెన్ ఎడ్ గురించి మన ఇళ్ళలో తెలియాల్సినవి

షాంటిలీలో మాకు బాగా కావలసిన కుటుంబం ఒకటి ఉంది. వాళ్ళబ్బాయి కంప్యూటర్ సైన్స్ చదివాడు. హైస్కూల్లో ఏపీలు చాలా రాశాడు. ఇక్కడ ఏపీ అంటే మన రాష్ట్రం కాదు లెండి, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలు. ఆ క్రెడిట్లన్నీ కలుపుకుని మూడేళ్ళలో డిగ్రీ అయిపోతుందని ఇంట్లో లెక్క వేసుకున్నారు. గ్రాడ్యుయేషన్ చూడటానికి అమ్మమ్మ, తాతయ్యలకు టికెట్లు కూడా కొన్నారు. చివరి సెమిస్టర్ మొదలయ్యాక అసలు సంగతి తేలింది. మొత్తం క్రెడిట్లు 120 దాటాయి కానీ ఆర్ట్స్ కోర్సు ఒకటి, రెండో స్థాయి రైటింగ్ కోర్సు ఒకటి మిగిలిపోయాయి. అవి వేసవిలో చేయాల్సి వచ్చింది. డిగ్రీతో పాటు ఉద్యోగంలో చేరే తేదీ కూడా వెనక్కి జరిగింది. పెద్దవాళ్ళు వచ్చి, వేడుక చూడకుండానే తిరిగి వెళ్ళారు.

ఆ అబ్బాయి తెలివి తక్కువవాడు కాదు, తల్లిదండ్రులు పట్టించుకోనివాళ్ళూ కాదు. మనలో చాలామందికి ఇక్కడి డిగ్రీ ఎలా కడతారో తెలియదు, అంతే. మా అమ్మాయి ఇప్పుడు పదో తరగతి. ఈ సంగతి చూశాక నేను కూర్చుని నేర్చుకున్నది మీతో పంచుకుంటున్నాను.

అమెరికాలో బ్యాచిలర్స్ డిగ్రీకి మామూలుగా కనీసం 120 క్రెడిట్లు కావాలి. అందులో మూడు భాగాలుంటాయి. మొదటిది మేజర్, అంటే పిల్లలు ఎంచుకున్న సబ్జెక్టు. రెండోది జనరల్ ఎడ్యుకేషన్. పిల్లలు జెన్ ఎడ్ అంటారు. మేజర్ ఏదైనా అందరూ చేయాల్సిన కోర్సులివి. మూడోది ఎలెక్టివ్స్, అంటే మిగిలిన క్రెడిట్లకు ఇష్టమైనవి తీసుకోవడం.

మనకు దగ్గరలోని జార్జ్ మేసన్ యూనివర్సిటీనే తీసుకుందాం. అక్కడ దీన్ని మేసన్ కోర్ అంటారు. సుమారు 40 క్రెడిట్లు, అంటే డిగ్రీలో మూడో వంతు. రాయడం, మాట్లాడటం, లెక్కలు, కంప్యూటింగ్ పునాది కోర్సులు. ఆ తర్వాత కళలు, సాహిత్యం, ప్రపంచ విషయాలు, సహజ శాస్త్రాలు, సామాజిక శాస్త్రాలు. చివర్లో వీటన్నిటినీ కలిపి చూసే కోర్సు. అయితే 40 క్రెడిట్లూ అదనపు భారం కాదు. ఇంజనీరింగ్ పిల్లలు మేజర్ కోసం చేసే లెక్కలు, ఫిజిక్స్ ఇందులోనూ లెక్కకొస్తాయి. ఒకే కోర్సుతో రెండు అవసరాలు తీరితే అది పిల్లల లాభమే.

ఇదంతా డబ్బు గుంజడానికే అని మావారు మొదట్లో అనేవారు. ఇంజనీరింగ్ చదివేవాడికి సంగీతం క్లాసు ఎందుకని మన విందు భోజనాల్లో వినపడే మాటే. నిజానికి ఈ ఆలోచన పాతది. కొలంబియా యూనివర్సిటీ మొదటి ప్రపంచ యుద్ధం అయిన వెంటనే, 1919లో, సమకాలీన నాగరికత మీద కోర్సు మొదలుపెట్టింది. 1945లో హార్వర్డ్ అధ్యాపకులు జనరల్ ఎడ్యుకేషన్ మీద ఒక పెద్ద నివేదిక ఇచ్చారు. ఉద్యోగం కోసం చదివే చదువు ఒకటి, పౌరులుగా అందరికీ ఉమ్మడిగా ఉండాల్సిన చదువు ఇంకొకటి, రెండూ కావాలన్నది దాని సారాంశం.

మనవాళ్ళకూ ఇది కొత్త కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా చేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి అధ్యక్షతన 1948లో విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ వేశారు. 1949లో ఆ కమిషన్ ఇచ్చిన నివేదిక కూడా ఇంటర్, డిగ్రీల్లో మరీ చిన్న వయసు నుంచే ఒకే సబ్జెక్టుకు పరిమితం కావడం మంచిది కాదని, జనరల్ ఎడ్యుకేషన్ ప్రవేశపెట్టాలని సిఫారసు చేసింది. మన కాలేజీల్లో అది పూర్తిగా నిలబడలేదు. నేను బీఎస్సీ చదివినప్పుడు గ్రూపు సబ్జెక్టులు కాక మిగిలింది ఇంగ్లీషు, తెలుగు మాత్రమే. పరీక్ష ముందు రాత్రి చదివే సబ్జెక్టుగానే చూశాం తెలుగుని. ఇప్పుడు పదిమందికి అర్థమయ్యేలా ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ తెలుగు క్లాసే కారణం.

ఇక అసలు చిక్కుల్లోకి వద్దాం.

మొదటిది: క్రెడిట్ రావడం వేరు, అవసరం తీరడం వేరు. మా పక్కింటి అబ్బాయి దెబ్బతిన్నది ఇక్కడే. ఏపీ పరీక్షలో మంచి స్కోరు వస్తే యూనివర్సిటీ క్రెడిట్ ఇవ్వవచ్చు. కానీ ఆ క్రెడిట్ జెన్ ఎడ్‌లో ఏదైనా గడి నింపుతుందా, లేక ఉత్త ఎలెక్టివ్‌గా పడి ఉంటుందా అన్నది వేరే ప్రశ్న. ఒక చోట 3 సరిపోతుంది, ఇంకో చోట 5 అడుగుతారు.

రెండోది: ఒకే యూనివర్సిటీలోనూ అందరికీ ఒకే నియమం ఉండదు. వర్జీనియా యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ రెండు దారుల్లో చదవవచ్చు. ఇంజనీరింగ్ స్కూల్లో బీఎస్, ఆర్ట్స్ అండ్ సైన్సెస్ కాలేజీలో బీఏ. బీఏ వాళ్ళకు విదేశీ భాష అవసరం ఉంది, బీఎస్ వాళ్ళకు లేదు. వర్జీనియా టెక్‌లో జెన్ ఎడ్ పేరు పాత్‌వేస్, విలియం అండ్ మేరీలో కాల్ కరిక్యులమ్. పేర్లే కాదు, లెక్కలూ వేరు.

మూడోది: తెలుగు విషయం. ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ స్కూళ్ళ వరల్డ్ లాంగ్వేజ్ క్రెడిట్ పరీక్షలో తెలుగు కూడా ఉంది. పాసైతే హైస్కూల్ భాషా క్రెడిట్లు వస్తాయి. ఇంట్లో తెలుగు మాట్లాడించి, చదవడం రాయడం నేర్పినందుకు దొరికే ప్రతిఫలం అది. కానీ అవి హైస్కూల్ క్రెడిట్లు. కాలేజీ భాషా అవసరం వాటితో దానంతటదే తీరదు. చేరిన కాలేజీలో తెలుగుకి ప్రావీణ్య పరీక్ష ఏర్పాటు చేస్తారా అని ముందే అడగాలి.

నాలుగోది: డాక్టరు కావాలనుకునే పిల్లలు. చాలా మెడికల్ స్కూళ్ళు బయాలజీ, కెమిస్ట్రీ వంటి తప్పనిసరి కోర్సులకు ఏపీ క్రెడిట్లు ఒప్పుకోవు. అంతేకాదు, 2015 నుంచి ఎమ్‌క్యాట్‌లో సైకాలజీ, సోషియాలజీలకు ఒక విభాగమే ఉంది. ఇంకో విభాగంలో సాహిత్య, చరిత్ర, తత్వశాస్త్రాల వంటి వాటి మీద వ్యాసాలిచ్చి అర్థం చేసుకోమంటారు. పనికిరానివనుకున్న జెన్ ఎడ్ కోర్సులు ఇక్కడ సూటిగా అక్కరకొస్తాయి.

డబ్బు తగ్గించుకునే మంచి దారి కూడా ఉంది. నార్తర్న్ వర్జీనియా కమ్యూనిటీ కాలేజీని మనం నోవా అంటాం. అక్కడ ట్యూషన్ నాలుగేళ్ళ ప్రభుత్వ యూనివర్సిటీల ట్యూషన్‌లో సగం కంటే తక్కువ. నోవాలో పాస్‌పోర్ట్ అనే సుమారు 16 క్రెడిట్ల కట్ట, యూనిఫామ్ సర్టిఫికెట్ ఆఫ్ జనరల్ స్టడీస్ అనే సుమారు 30 క్రెడిట్ల కట్ట ఉన్నాయి. వర్జీనియా ప్రభుత్వ యూనివర్సిటీలకు బదిలీ అయ్యేటప్పుడు జెన్ ఎడ్ కోర్సులు వృథా పోకూడదనే వీటిని రూపొందించారు. నోవా, మేసన్ కలిసి నడిపే అడ్వాన్స్ అనే కార్యక్రమంలో ఏ కోర్సు దేనికి సరిపోతుందో మొదటి రోజే తెలుస్తుంది. ట్రాన్స్‌ఫర్ వర్జీనియా వెబ్‌సైట్లో ఇవన్నీ చూసుకోవచ్చు. హైస్కూల్లో డ్యుయల్ ఎన్‌రోల్‌మెంట్ తీసుకునేవాళ్ళు మాత్రం ఒకటి గుర్తుంచుకోవాలి. ఆ గ్రేడు కాలేజీ రికార్డులో శాశ్వతంగా ఉండిపోతుంది.

వేరే రాష్ట్రాల్లో ఉన్నవాళ్ళకు ఒక మాట. టెక్సాస్ ప్రభుత్వ కాలేజీల్లో ఉమ్మడి కోర్ 42 క్రెడిట్లు. కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీ నుంచి బదిలీ అయ్యేవారికి 2025 ఫాల్ నుంచి కాల్ జీఈటీసీ అనే 34 యూనిట్ల ఒకే పద్ధతి వచ్చింది. మీ రాష్ట్రంలో ఏముందో హైస్కూల్లోనే కనుక్కోండి.

మరి తల్లిదండ్రులుగా మనం ఏం చేయాలి? కాలేజీకి ఫోన్ చేసి మార్కులు అడిగితే సాధారణంగా చెప్పరు. ఫెర్పా అనే 1974 నాటి చట్టం ప్రకారం కాలేజీలో చేరాక ఆ రికార్డుల మీద హక్కు పిల్లలదే. కాబట్టి పిల్లలతోనే కూర్చోవాలి. ప్రతి సెమిస్టర్ కోర్సులు ఎంచుకునే ముందు డిగ్రీ ఆడిట్ తెరిచి చూపించమనండి. ఏ గడి నిండింది, ఏది ఖాళీ అని అందులో కనపడుతుంది. ఏపీ క్రెడిట్లు ఏ గడిలో పడ్డాయో మొదటి సెమిస్టర్లోనే చూడండి. అనుమానం ఉంటే సలహాదారుకు ఈమెయిల్ రాయించి, జవాబు దాచిపెట్టమనండి. రైటింగ్ కోర్సులు ఒకదాని తర్వాత ఒకటి చేయాల్సినవి. వాటిని చివరికి తోయనివ్వకండి.

మొన్న మా అమ్మాయి కాలేజీలో ఆంత్రొపాలజీ ఒకటి తీసుకుంటానంది. "అదెందుకమ్మా?" అని నోటిదాకా వచ్చింది. ఆపుకుని, "అది ఏ గడిలో పడుతుందో చూద్దాం రా" అన్నాను. ఇద్దరం లాప్‌టాప్ ముందు కూర్చున్నాం. కాసేపటికి వాళ్ళ నాన్న కూడా కుర్చీ లాక్కుని వచ్చారు.