లెక్క తేలాక ఆగిపోయిన ఛానల్

2020 డిసెంబరు 15న మన దేశంలో ఇంగ్లీషు సినిమా ఛానల్ హెచ్‌బీఓ ప్రసారాలు ఆగిపోయాయి. దాన్ని నడిపిన కంపెనీకే చెందిన డబ్ల్యూబీ ఛానల్ కూడా ఆ రోజే ఆగింది. దాదాపు రెండు దశాబ్దాలు మన రిమోట్‌లో ఒక నంబరుగా ఉన్న హెచ్‌బీఓ పోయిందని మా అన్నవరంలో గమనించినవాళ్లు తక్కువ. ఎవరూ చూడలేదు కాబట్టి మూసేశారని ఒక్క మాటలో తేల్చేయొచ్చు. కానీ అది సగం నిజమే. పే ఛానల్‌కు తిండి ఎక్కడి నుంచి వస్తుంది, మనిచ్చే డబ్బు ఏ దారిన దాని దగ్గరికి వెళ్తుంది, ఆ దారి ఎక్కడ తెగింది అన్నవి విప్పి చూస్తేగాని మిగతా సగం తెలియదు. ఆ దారి అన్నవరం వీధుల్లోంచే పోతుంది కాబట్టి ఇక్కడి నుంచే చూద్దాం.

ముందు ఉచిత ఛానల్‌కీ పే ఛానల్‌కీ తేడా. మా ఊళ్లో పొద్దున్నే చాలా ఇళ్లలో మోగే ఎస్‌వీబీసీని తిరుమల తిరుపతి దేవస్థానం 2008లో ప్రారంభించింది. దాని కోసం మనం విడిగా ఏమీ కట్టం. వార్తా ఛానళ్లలోనూ చాలావరకు ఉచితమే, అవి ప్రకటనల మీద నడుస్తాయి. ఇక్కడ పే ఛానల్‌కు మాత్రం ఆదాయం రెండు వైపుల నుంచి రావాలి. ఒకటి మన చందా, రెండోది ప్రకటన. చందా నేరుగా ఛానల్ చేతికి పోదు. మన వీధి కేబుల్ ఆపరేటరు వసూలు చేస్తాడు, తన వాటా ఉంచుకుని పైనున్న పెద్ద పంపిణీదారు ఎంఎస్‌ఓకు కడతాడు, ఎంఎస్‌ఓ ఛానల్ యజమానికి కడతాడు. ప్రకటన కూడా నేరుగా రాదు. ఎంతమంది చూస్తున్నారన్న రేటింగు చూశాకే సబ్బుల కంపెనీ అయినా, సిమెంటు కంపెనీ అయినా డబ్బు తీస్తుంది.

హెచ్‌బీఓ పుట్టింది అమెరికాలో, 1972 నవంబరు 8న, పెన్సిల్వేనియా రాష్ట్రంలోని విల్క్స్‌బారీ అనే చిన్న పట్నంలో. మొదటి రాత్రి దాని చందాదారులు 365 మంది. ప్రకటనలు లేకుండా, చందా మీదే బతుకుతానని దిగిన ఛానల్ అది. దాదాపు మూడేళ్లకు, అమెరికా తేదీ ప్రకారం 1975 సెప్టెంబరు 30న ఆ ఛానల్ తలరాత మారింది. ఆ రోజు ఫిలిప్పీన్స్ రాజధాని మనీలా శివారులో మహమ్మద్ అలీ, జో ఫ్రేజియర్ మూడోసారి తలపడ్డారు. ఆ ముష్టియుద్ధాన్ని హెచ్‌బీఓ ఉపగ్రహం ద్వారా అమెరికాలోని తన చందాదారులకు చూపించింది. అంతదాకా ఊరికొక టవరు, తీగ అన్నట్టుగా పాకిన పే టీవీ, ఆకాశం నుంచి ఒకేసారి దేశమంతా దిగగలదని ఆ రాత్రి రుజువైంది. ఇవాళ అన్నవరం కేబుల్ ఆపరేటరు మేడ మీద కనిపించే పెద్ద డిష్‌లకు మూలం వెతికితే ఆ మనీలా పోటీ తప్పకుండా తగులుతుంది.

హెచ్‌బీఓ మన దేశానికి వచ్చేనాటికి ఇక్కడి కేబుల్ మరో పద్ధతిలో నడుస్తోంది. 1995లో జెమిని, ఈటీవీ వచ్చాక గోదావరి జిల్లాల ఊళ్లలో కేబుల్ కనెక్షన్ మామూలు విషయమైంది. స్తంభాల మీదుగా, చెట్ల మీదుగా, డాబాల మీదుగా లాగిన నల్ల తీగ నేరుగా టీవీ వెనక గుచ్చుకునేది. బాక్సూ లేదు, కార్డూ లేదు. నెలకు ఇంత అని కడితే ఆపరేటరు పంపినవన్నీ వచ్చేవి. సత్రంలో విస్తరి ముందు కూర్చున్నట్టే. వడ్డించినవన్నీ ఆకులో పడతాయి, ఎవరు ఏ కూర తిన్నారో, ఏది వదిలేశారో ఎవరూ లెక్క రాసుకోరు. సీరియల్ కోసం కనెక్షన్ పెట్టించుకున్న ఇంటికి హెచ్‌బీఓ కూడా వచ్చేది. డిగ్రీ చదివే కుర్రాడు రాత్రి పదకొండు దాటాక అందరూ పడుకున్నాక సౌండు తగ్గించుకుని, కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు చదువుకుంటూ సినిమా చూసేవాడు. ఇంగ్లీషు సినిమాకు ఇంగ్లీషు సబ్‌టైటిల్ వేయడం మన దేశపు ఇంగ్లీషు సినిమా ఛానళ్లు పట్టుకున్న మంచి ఉపాయం. యాస అందనివాళ్లకు అక్షరం అందేది. ఎంతోమందికి అది బడిలో దొరకని పాఠం, ఇందులో అతిశయోక్తి లేదు.

ఆ పద్ధతిలో ఛానల్ యజమానికి ఒక కష్టం ఉండేది. ఊళ్లో ఎన్ని ఇళ్లకు కనెక్షన్ ఉందో ఆపరేటరు చెప్పిందే లెక్క. ఉన్నవాటిలో కొన్నే చూపించడం దేశమంతటా మామూలు. పైగా అనలాగ్ తీగలో వంద లోపు ఛానళ్లే పడతాయి కాబట్టి, మా ఛానల్ వేయండని యజమానులే ఎదురు డబ్బు కట్టేవారు. దాన్ని క్యారేజీ ఫీజు అనేవారు. అయినా చిన్న ఛానల్‌కు ఆ పద్ధతి నీడనిచ్చింది. తన నిజమైన ప్రేక్షకులు ఎందరో ఎవరికీ తెలియదు, తనకు కూడా తెలియదు. అందరి చందాలో తనకూ ఒక ముక్క దొరికేది.

తర్వాత చట్టం మారింది. డిజిటల్ కేబుల్ నాలుగు దశల్లో వచ్చింది. 2012లో మహానగరాలు, 2013లో హైదరాబాద్, విశాఖపట్నం వంటి నగరాలు, ఆ తర్వాత మునిసిపాలిటీలు, చివరి దశలో 2017 మార్చి 31 గడువుగా మా అన్నవరం లాంటి పంచాయతీలు. ఇంటింటికీ సెట్‌టాప్ బాక్సు వచ్చింది. ప్రతి బాక్సుకూ ఒక నంబరు, ఆ నంబరుకు ఏ ఛానళ్లు తెరుచుకుని ఉన్నాయో ఎంఎస్‌ఓ కంప్యూటర్‌లో లెక్క. అదే ఏడాది డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ కూడా మొదలైంది. నెలకు 149 రూపాయలకే టీవీ, ఇంటర్నెట్, ఫోను అని ఇచ్చింది.

అసలు దెబ్బ 2019 ఫిబ్రవరి 1న పడింది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017లో రాసిన కొత్త ధరల ఉత్తర్వు కోర్టుల చుట్టూ తిరిగి, 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు సమర్థించాక ఆ రోజు మన ఇళ్లకు చేరింది. అప్పట్లో వంద ఛానళ్ల వరకు 130 రూపాయలు, జీఎస్టీతో కలిపి 153 రూపాయల 40 పైసలు. పే ఛానళ్లకు ఆ పైన దేని ధర దానిది. నచ్చినవి విడివిడిగా తీసుకోవచ్చు, లేదా ఒక కంపెనీ ఛానళ్లన్నీ కలిపిన బొకే తీసుకోవచ్చు. బొకేలో చేర్చాలంటే విడి ధర 19 రూపాయలు దాటకూడదు. తెలుగు వినోద ఛానళ్లలో పెద్దవి కొన్ని సరిగ్గా ఆ 19 దగ్గరే ఆగాయి.

ఆ జనవరి చివర్లో కేబుల్ కుర్రాళ్లు కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. ఏమేం కావాలో టిక్కు పెట్టమన్నారు. ఇంట్లో టిక్కు పెట్టేది ఎవరు? సీరియల్ చూసే అమ్మ, వార్తలూ క్రికెట్టూ చూసే నాన్న, బొమ్మల ఛానల్ కోసం ఏడ్చే పిల్లలు. పాత బిల్లు కంటే ఎక్కువవుతుందేమోనన్న భయంతో అందరూ కలిసి కొట్టేసేది ఇంగ్లీషు ఛానల్నే. రాత్రి పదకొండు తర్వాత చూసే కుర్రాడి మాట ఆ కాగితం మీదికి రాదు.

లెక్కగా చూద్దాం. ఒక ఊళ్లో వెయ్యి కనెక్షన్లు ఉన్నాయనీ, పది రూపాయల ఛానల్‌ను ముప్ఫై ఇళ్లు ఎంచుకున్నాయనీ అనుకుందాం. వసూలయ్యేది నెలకు 300. అందులో 20 శాతం పంపిణీదారుకు పోతే ఛానల్‌కు మిగిలేది 240 రూపాయలు. మూడు వందల ఇళ్లు తీసుకుంటే 2,400. ఛానల్ ఖర్చు మాత్రం రెండు సందర్భాల్లోనూ ఒక్కటే. ఉపగ్రహంలో చోటుకు అద్దె, సినిమాల హక్కులు, సబ్‌టైటిళ్లు, ప్రసార కేంద్రం, జీతాలు, ఇవేవీ ప్రేక్షకులు తగ్గారని తగ్గవు. ప్రేక్షకులు తగ్గితే రేటింగూ పడుతుంది, దానితో ప్రకటనల ధర కూడా. ఒకే కారణంతో రెండు ఆదాయాలూ ఒకేసారి పడిపోవడం, పే ఛానల్ ప్రాణం పోయేది అక్కడే.

దీనికి తోడు హెచ్‌బీఓకు ఇంటి నుంచే పోటీ వచ్చింది. ఆ కంపెనీ పేరు నిలబెట్టిన సీరియళ్ల హక్కులు ఇక్కడ స్టార్ సంస్థకు, హాట్‌స్టార్‌కు వెళ్లాయి. 2019లో లోకమంతా మాట్లాడుకున్న గేమ్ ఆఫ్ థ్రోన్స్ ఆఖరి భాగాన్ని మనవాళ్లు హెచ్‌బీఓ ఛానల్లో కాదు, హాట్‌స్టార్‌లోనూ స్టార్ వరల్డ్‌లోనూ చూశారు. ఛానల్‌కు మిగిలింది హాలీవుడ్ సినిమాలు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయ్యాక అవి కూడా ఫోన్లోకి నడిచాయి. ప్రకటనలు లేకుండా ఎక్కువ చందాతో నడపాలని 2013లో హెచ్‌బీఓ డిఫైన్డ్, హెచ్‌బీఓ హిట్స్ అని రెండు ఛానళ్లు తెచ్చి చూశారు. అవి కొన్నేళ్లకే మూతపడ్డాయి. 2020లో కరోనాతో ప్రకటనలు ఎండిపోయాయి. అదే ఏడాది మేలో మాతృసంస్థ అమెరికాలో హెచ్‌బీఓ మ్యాక్స్ అనే యాప్ మొదలుపెట్టి తన శ్రద్ధంతా అటు తిప్పింది. సోనీ వాళ్ల ఏఎక్స్‌ఎన్ కూడా అదే ఏడాది జూన్ 30న మన దేశంలో ఆగిపోయింది.

హెచ్‌బీఓను మూసిన కంపెనీయే కార్టూన్ నెట్‌వర్క్‌నూ పోగోనూ ఉంచుకుంది. పిల్లల ఛానళ్లకు వేసవి సెలవుల గిరాకీ ఉందన్నది నిజమే. కానీ నా దృష్టిలో అంతకంటే పెద్ద కారణం భాష. కార్టూన్ నెట్‌వర్క్ రిమోట్ నొక్కితే తెలుగు మాట్లాడుతుంది. మా ఊరి పిల్లలకు అది విదేశీ ఛానలని తెలియను కూడా తెలియదు. హెచ్‌బీఓ నడిచినంతకాలం ప్రధానంగా ఇంగ్లీషు ఛానల్‌గానే ఉండిపోయింది. హాలీవుడ్ సినిమాలు థియేటర్లో తెలుగులో మాట్లాడుతుంటే, తునిలోనో కాకినాడలోనో అవి చూసొచ్చిన మనిషి టీవీలో అదే సినిమాను ఇంగ్లీషులో చూడటానికి నెలనెలా ఎందుకు కడతాడు? ఈ దేశంలో ఇంగ్లీషు సినిమా ఛానళ్లన్నీ పెద్ద నగరాల ప్రేక్షకుణ్నే మనసులో పెట్టుకున్నాయి. ఆ ప్రేక్షకుడే అందరికంటే ముందు యాప్‌లోకి వెళ్లిపోయాడు. తెలుగు ట్రాక్ పెట్టి ఉంటే 2019లో ఆ కాగితం మీద ఇంకొన్ని టిక్కులు పడేవని గట్టిగా నమ్ముతాను.

భాష ఒక్కటే కాపాడుతుందా అంటే అదీ లేదు. ఫిలిప్పీన్స్‌లో ఏబీఎస్‌-సీబీఎన్ సంస్థ 2005లో హీరో టీవీ అని ఒక పే ఛానల్ పెట్టింది. జపాన్ బొమ్మల సీరియళ్లను వాళ్ల భాషలోకి మార్చి చూపించేది. ఆ కార్యక్రమాలకు అక్కడి యువత ప్రాణం పెట్టేది, ఆ పాత్రలకు గొంతులిచ్చినవాళ్లు పేరు తెచ్చుకున్నారు. అయినా 2018లో అది మూతపడింది. ఆ యువతే అందరికంటే ముందు ఇంటర్నెట్‌కు మళ్లింది మరి. పెద్ద సంస్థ అయినా అంతే. 2021 అక్టోబరు 1న డిస్నీ ఆగ్నేయాసియా, హాంకాంగ్‌లలో 18 ఛానళ్లను ఒక్క రోజున ఆపేసింది. వాటిలో సినిమావి, ఆటలవి, పిల్లలవి కూడా ఉన్నాయి.

కొత్త ధరల ఉత్తర్వును తప్పు పట్టాలని నాకు లేదు. చూడనిదానికి డబ్బు కట్టక్కర్లేదన్నది న్యాయమైన మాట. కానీ ఇంటికి ఒక్క కాగితం ఇచ్చినప్పుడు ఆ ఇంట్లో తక్కువమంది ఇష్టం ఓడిపోతుంది. ఊరికి ఊరు అలా ఓడిపోయినప్పుడు ఒక ఛానల్ పోతుంది. విడిగా ఏమీ కట్టకుండా చూసిన ఆ రాత్రి సినిమా ఇప్పుడు యాప్ చందా కట్టగలిగినవాడికే దొరుకుతుంది. అక్కడ కూడా అది ఒక చోట నిలవదు. హెచ్‌బీఓ కార్యక్రమాలు 2023 మార్చి 31తో హాట్‌స్టార్ నుంచి వెళ్లిపోయి కొద్ది వారాలకు జియోసినిమాలో తేలాయి. 2025 ఫిబ్రవరిలో ఆ రెండు యాప్‌లే కలిసి జియోహాట్‌స్టార్ అయ్యాయి.

కేబుల్ ఉన్నవాళ్లు చేయగలిగిన పని ఒకటుంది. మీ బాక్సుకు ఏయే ఛానళ్లు తెరిచి ఉన్నాయో, వాటిలో పే ఛానళ్లు ఏవో, దేనికి ఎంత కడుతున్నారో జాబితా అడగండి. అడిగే హక్కు మీకుంది. ఆగిపోయిన ఛానల్‌కు విడిగా డబ్బు కడుతూ ఉంటే తీసేయమనండి. ఎప్పుడూ చూడని బొకే ఉంటే మార్చమనండి. ఇంట్లో ఒక్కరే చూసే ఛానల్ ఏదైనా ఉంటే, కొట్టేసే ముందు వాళ్లనొకసారి అడగండి.