నెలల తరబడి కదలని బండి ఎందుకు మొరాయిస్తుంది?

చాలాకాలం వాడకుండా ఉంచిన మోటారు సైకిల్లో సాధారణంగా ముందు దెబ్బతినేది బ్యాటరీ. బండి ఆగి ఉన్నా సీసపు పలకల బ్యాటరీలో ఛార్జి తనంతట తానే తగ్గుతుంది. ఆ పలకల మీద లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది. అలాగే వదిలేస్తే అది గట్టి స్ఫటికాలుగా మారి, మళ్లీ ఛార్జి సరిగా ఎక్కనివ్వదు. అందుకే పెద్దవాళ్లు బ్యాటరీని పూర్తిగా ఛార్జి చేసి, ముందు నెగటివ్ తీగను, తర్వాత పాజిటివ్ తీగను విప్పుతారు. 12 వోల్టుల బ్యాటరీ నిండుగా ఉంటే మీటరు సుమారు 12.6 వోల్టులు చూపిస్తుంది. నెలకోసారి చూసుకుంటే చాలు.

పెట్రోలు కూడా పాతబడుతుంది. తేలిగ్గా ఆవిరయ్యే భాగాలు పోగా మిగిలినది జిగురుగా మారి సన్నని రంధ్రాలను మూసేస్తుంది. అందులో కలిపే ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఇనుప ట్యాంకు సగం ఖాళీగా ఉంటే ఆ తేమతో తుప్పు పడుతుంది కనుక నింపి ఉంచడమే మేలు. కార్బురేటర్ ఉన్న పాత బళ్లలో మాత్రం దానిలోని పెట్రోలును తీసేయాలి.

వాడిన ఇంజిన్ ఆయిల్‌లో ఆమ్లాలు, తేమ చేరతాయి. అందుకని కొత్త ఆయిల్ బండిని నిలిపే ముందే పోయాలి, తర్వాత కాదు. మెయిన్ స్టాండు వేసి, నేలను తాకే చక్రాన్ని అప్పుడప్పుడు కాస్త తిప్పితే టైరు ఒకేచోట అణగదు. సైలెన్సర్ చల్లారాక గుడ్డ కుక్కితే ఎలుకలు దూరవు. స్టార్ట్ చేసే ముందు దాన్ని తప్పకుండా తీసేయాలి.