ఉప్పునందు ఊరవేసిన పంది మాంసము: అందలి పోషక విలువ

గడచిన సంవత్సరము అర్ధసంవత్సర పరీక్షలు ముగిసిన పిమ్మట, మా తరగతి విద్యార్థి యొకని తల్లి మమ్ము చూడవచ్చి యిట్లడిగెను: “మాస్టరుగారూ, మావాడు మరీ బక్కపలచగా ఉన్నాడు. సాయంత్రమైతే పుస్తకం ముందు తూగుతున్నాడు. దూరదేశంలో ఉన్న మా తమ్ముడు పందిమాంసపు హామ్ పొట్లాలు తెచ్చాడు. రోజూ రెండు ముక్కలు పెడితే బలం పడుతుందన్నాడు. అవి అయిపోతే పట్నంలో కొనమంటారా?”

ఆ కుటుంబము స్వల్పాదాయము గలది. హామ్ కొనవలెనన్న పిల్లవాని పాలకును గ్రుడ్లకును ఉంచిన సొమ్మే దానికి పోవలసియుండెను. కావున తొందరపడి అవుననుటగాని కాదనుటగాని మాకు న్యాయముగ తోచలేదు. రెండు దినములు గడువడిగి, మేము విచారించి తెలిసికొన్న సంగతులను, తుదకు ఆమెకు చెప్పిన ఉత్తరమును మన విద్యార్థులకును తలిదండ్రులకును ఉపయోగపడునని యిచ్చట వ్రాయుచున్నాము. మతాచారమునుబట్టి పంది మాంసమును ముట్టనివారు మనలో పలువురు కలరు. ఉప్పును గూర్చిన మాట వారికిని పనికివచ్చును.

హామ్ అనగా పంది వెనుకకాలి తొడ. దానిని ఉప్పునందు ఊరవేసి, కొన్నిచోట్ల పొగబెట్టియు, కొన్నిచోట్ల గాలికి ఆరబెట్టియు, మరికొన్నిచోట్ల ఉడికించియు సిద్ధపరచుదురు. కడుపు, వీపు భాగముల మాంసమును ఇట్లే ఊరవేసిన యెడల అది బేకన్ అనబడును. ఇటలీలోని పార్మా, చీనాలోని జిన్‌హువా పట్టణములు హామునకు ప్రసిద్ధి కెక్కినవి. మాంసమును చల్లగా నిలువచేయు యంత్రములు లేని కాలమున, చలికాలమునందు కోసిన పందిని సంవత్సరము పొడవున తినుటకు ఆ దేశముల రైతులు కనుగొనిన ఉపాయమే యిది.

ఉప్పు ఇందు చేయు పనిని మన యిండ్లలోనే చూడవచ్చును. మామిడి ముక్కలకు ఉప్పు పట్టించినయెడల కొంతసేపటికి నీరు ఊరును గదా. అట్లే మాంసములోని నీటిని ఉప్పు వెలుపలికి లాగును. తాను లోనికి ప్రవేశించును. నీరు చాలనందున, మాంసమును క్రుళ్లజేయు సూక్ష్మజీవులు పెరుగజాలవు. పార్మా హామును సముద్రపు ఉప్పుతో మాత్రమే ఊరవేసి, అనేక మాసములు గాలికి మాగనిత్తురు. ఈ లోపల తొడ బరువులో దాదాపు నాలుగవ వంతు తగ్గిపోవును.

ఇక పోషక విలువకు వత్తము. పచ్చి పంది మాంసపు కండలో 100 గ్రాములకు సుమారు 20 గ్రాముల మాంసకృత్తులుండును. ఆరబెట్టిన హామునందు నీరు తగ్గినందున అవి సుమారు 26 గ్రాములగును. ఉడికించిన హామునందు నీరు ఎక్కువ గనుక 20 గ్రాములకు లోపే యుండును. ఈ మాంసకృత్తులు శరీరము పెరుగుటకును అరిగిన భాగములు బాగుపడుటకును కావలసిన అంశములన్నియు గలవి. బేకనునందు మాత్రము క్రొవ్వు పాలు చాల హెచ్చు. వీనిలో పీచుపదార్థము ఏమియు లేదు. సున్నపు ధాతువు బహు స్వల్పము.

పంది మాంసమునకు గల ప్రత్యేకగుణము బి-1 జీవసత్త్వము, అనగా థయమిన్. మనము తిను అన్నమును శరీరము శక్తిగా మార్చుకొనుటకు ఇది అవసరము. గొఱ్ఱె మాంసములో కంటె పంది మాంసములో ఇది అనేక రెట్లు అధికము. ఊరవేసిన తరువాతను ఇందలి మంచి భాగము నిలిచియుండును. ఈ సత్త్వము లోపించిన బెరిబెరి యను వ్యాధి కలుగును. మిల్లులో తెల్లగా పట్టిన పచ్చిబియ్యమే ప్రధానాహారమైన మన ఉత్తర సర్కారు జిల్లాలలో ఒకప్పుడు ఈ వ్యాధి అనేకులను బాధించెను. దీనిని పరిశోధించుటకై రాబర్ట్ మెక్కారిసన్ దొరగారు 1918లో కూనూరులో ఆరంభించిన చిన్న శాఖయే క్రమముగ పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా నున్నది. ఉప్పుడు బియ్యము తినువారికి ఆ వ్యాధి రాకుండుట గమనింపదగినది. వడ్లను ఉడికించునపుడు తవుడులోని సత్త్వము గింజలోనికి చేరుటయే దానికి కారణము. కావున థయమిన్ హామునందు మాత్రమే దొరకునని తలంపరాదు.

ఇంతవరకు హామును గూర్చిన మంచి చెప్పితిమి. 1895 డిసెంబరులో బెల్జియము దేశపు ఎల్లెజెల్ అను గ్రామమున జరిగిన సంగతి వినుడు. ఒక ప్రేతసంస్కారమున వాద్యములు వాయించిన మేళమువారు భోజనమునకు కూర్చుండి, ఊరవేసిన హామును తినిరి. కొంతకాలమునకు వారి చూపు మసకబారెను, మ్రింగుట కష్టమయ్యెను, ముగ్గురు మరణించిరి. ఎమిల్ వాన్ ఎర్మెంగెమ్ అను పండితుడు ఆ హామును పరీక్షించి, గాలి సోకని చోట పెరిగి ఘోరవిషమును పుట్టించు సూక్ష్మజీవిని అందు కనుగొనెను. ఆ వ్యాధికి బాట్యులిజము అని పేరు. ఉప్పు తగినంత పట్టని మాంసపు లోభాగము దానికి అనుకూలమైన స్థలము.

ఈ అపాయమును అరికట్టుటకై మాంసమును ఊరవేయువారు ఉప్పుతో కూడ నైట్రైటు అను లవణమును స్వల్పముగ కలుపుదురు. పూర్వము ఇందుకు సురేకారమును వాడుచుండిరి; మాంసములోని సూక్ష్మజీవులు దానినే నైట్రైటుగా మార్చును. ఉడికినను హామ్ గులాబివన్నె తప్పకుండుటకు కారణము ఇదియే. అయితే కాపాడు వస్తువే మరియొక వైపు కీడు తేగలదు. నైట్రైటు మాంసములోని అంశములతో చేరి, బేకనును పెనముపై మాడ్చునపుడును, మన కడుపులోను, పుట్టకురుపు వ్యాధిని కలిగింపగల కొన్ని పదార్థములుగా మారవచ్చును. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పుట్టకురుపు పరిశోధన సంస్థ, ఊరవేసిన మాంసములు పెద్దప్రేగు పుట్టకురుపునకు కారణమగునని నిర్ణయించెను. దినమునకు 50 గ్రాముల చొప్పున నిత్యము తినువారికి ఆ ప్రమాదము నూటికి 18 వంతులు హెచ్చునని తెలిపెను. దీనిని సరిగా గ్రహింపవలెను. నూరుమందిలో ఐదుగురికి ఆ వ్యాధి వచ్చుచున్నదనుకొన్నచో, వారందరు నిత్యము అట్లు తినినయెడల ఆ సంఖ్య సుమారు ఆఱు అగును. పండుగనాడు తినిన ఒక ముక్కకు భయపడ పనిలేదు. నిత్యము పెట్టుటను గూర్చియే ఆలోచింపవలెను.

ఉప్పు లెక్క మరియు ముఖ్యము. దినమునకు 5 గ్రాములకు లోపుగా ఉప్పు వాడవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఆరబెట్టిన హామ్ 50 గ్రాములలోనే సుమారు 2 గ్రాములకు పైగా ఉండును. ఊరగాయయు, ఉప్పుచేపయు, అప్పడములును మన భోజనములో ముందే కలవు. వానిపై హామును చేర్చినయెడల రక్తపుపోటునకు మనమే దారి చూపినవారమగుదుము.

ఈ లెక్కలన్నియు ఒక కాగితముపై వ్రాసి ఆ తల్లికి చూపితిమి. 50 గ్రాముల ఆరబెట్టిన హామ్ సుమారు 13 గ్రాముల మాంసకృత్తుల నిచ్చును. 50 గ్రాముల వేరుశెనగపప్పును దాదాపు అంతయే యిచ్చును. అందును థయమిన్ మెండుగ కలదు, ఉప్పు దాదాపు లేదు. రెండు కోడిగ్రుడ్లు సుమారు 12 గ్రాముల నిచ్చును. “తమ్ముడు ప్రేమతో తెచ్చినదానిని పారవేయవద్దు. పొట్లముమీది తేదీయు, వండవలసిన విధమును చూచి, ఆదివారము అందరు తలకొక ముక్క తినుడు. ఆ దినము ఊరగాయ మానుడు. పాల సొమ్మును గ్రుడ్ల సొమ్మును మాత్రము హామునకు మార్చవద్దు” అని చెప్పితిమి. మరియు సాయంత్రపు తూగునకు ఆహారలోపమే కారణమని మేము నిశ్చయింపజాలము గనుక, పిల్లవానిని వైద్యునికి చూపుమని కోరితిమి.

ఆమె కాగితమును మడిచి కొంగున ముడివేసికొని, “అయితే పల్లీలు మా చేలోనే పండుతాయి మాస్టరుగారూ” అనెను. వైద్యుడు పరీక్షించి, పిల్లవానికి రక్తము తక్కువగ నున్నదని మందిచ్చెను. ఇప్పుడతడు మధ్యాహ్నపు సంచిలో వేయించిన వేరుశెనగలు తెచ్చుకొనుచున్నాడు, ప్రక్కవారికిని పెట్టుచున్నాడు.

విద్యార్థులారా, దూరమునుండి వచ్చినదనియు, వెల హెచ్చనియు ఏ ఆహారమును గొప్పదిగా ఎంచకుడు; తెలియనిదనియు దానిని నిందింపకుడు. అందేమున్నదో, ఎంత యున్నదో, మన యింట దానికి సమానమైన దేదో లెక్కించి చూచుట నేర్చుకొనుడు.