కణద్వారమును తెరచు వెలుగు

సిద్దిపేట కోమటి చెరువు నెరిగినవారికి కట్ట విలువ చెప్ప నక్కరలేదు. నీరు పొలమునకు చేరవలెను; కాని కట్టకు గండి పడరాదు. అందులకే పెద్దలు తూము నేర్పరచిరి.

మన దేహమందలి ప్రతి కణమునకును ఇట్టి కట్ట యొకటి గలదు. అది కొవ్వు పదార్థముతో నేర్పడిన పలుచని పొర. దాని మందము మిల్లీమీటరులో సుమారు లక్షవ వంతు. ఈ పొర కణమును కాపాడును. అయితే క్రొత్త చికిత్సలకు కావలసిన జన్యుపదార్థము, మాంసకృత్తులు వంటి పెద్ద అణువులను గూడ అది సులభముగా లోనికి పోనీయదు.

కొడవలి కణ వ్యాధి నుదాహరణగా తీసికొందము. ఒక జన్యువునందలి చిన్న మార్పుచే ఎఱ్ఱ రక్తకణములు కొడవలివలె వంగి, సన్నని నాళములందు చిక్కుకొని, రోగిని తీవ్రముగా బాధించును. తెలంగాణమున నిది ఆదివాసి కుటుంబములందు ఎక్కువగా కనిపించుచున్నది. 2023వ సంవత్సరాంతమున బ్రిటను, అమెరికా దేశములు దీనికొక జన్యుసవరణ చికిత్స నంగీకరించినవి. అందు రోగి రక్త మూలకణములను వెలికి తీసి, విద్యుత్తుచే పొరలో రంధ్రములు కల్పించి, సవరణ సాధనమును లోనికి పంపి, తిరిగి రోగి కెక్కింతురు. ఆ విద్యుద్ఘాతమునకు కొన్ని కణములు నశించును. రోగినుండి లభించు మూలకణములు పరిమితములు గదా! ఇది తూము తెరచుటకంటె గండి కొట్టుటకు దగ్గర.

బెల్జియము దేశమందలి ఘెంట్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు తమ సహచరులతో కలసి 2021లో మరియొక మార్గమును ప్రకటించిరి. పాలీకాప్రోలాక్టోను అను పాలిమరును వెండ్రుకకంటె నెన్నో రెట్లు సన్నని దారములుగా తీసి, అందు ఐరన్ ఆక్సైడు రేణువుల నిమిడ్చిరి. ఆ దారముల పరుపుపై కణములను నిలిపి, రెప్పపాటుకంటె నెంతో స్వల్పమైన కాలము లేజరు కాంతిని ప్రసరింపజేసిరి. రేణువులు కాంతిని గ్రహించి వేడెక్కినవి. ఆ వేడిమి దారము నానుకొనిన పొరలో సూక్ష్మరంధ్రములను తెరచినది. చుట్టునున్న ద్రవమునుండి మందు లోనికి పోయినది. పిదప పొర తనంతట తానే పూడుకొనినది.

రేణువులను నేరుగా కణములపై నుంచి కాంతి ప్రసరింపజేయుట అంతకు పూర్వమే తెలిసినది. కాని ఆ రేణువులు కణములలో నిలిచిపోవచ్చును. అట్టి కణములను రోగి కెక్కించుట శంకాస్పదము. పాలిమరు ఈ చిక్కును తీర్చినది. సిద్దిపేట గొల్లభామ చీరెలో బొమ్మ నేతలోనే కలిసియుండును గనుక ఉతికినను ఊడిరాదు. అట్లే రేణువు దారమునందే నిలుచును. కణమునకు వేడిమి మాత్రమే చేరును. ఇట్లు సిద్ధపరచిన రోగనిరోధక టి-కణముల నెక్కించిన ఎలుకలందు క్యాన్సరు గడ్డలు తగ్గినవి.

కణములోనికి మందును చేర్చు కృషి మనకును దూరము కాదు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. 2022లో ఎం.ఆర్.ఎన్.ఏ. టీకా పద్ధతిని రూపొందించి ఎలుకలపై పరీక్షించినది. అట్టి టీకాలలో కొవ్వు బుడగలు మందును దేహములోపలనే కణములకు చేర్చును. కాంతి పద్ధతి వెలికి తీసిన కణములకు ఉద్దేశింపబడినది.

ఎలుకకు మేలైనది మనుష్యునికి మేలగునని వెంటనే చెప్పరాదు. అందుచే వెలుగుతో రక్తవ్యాధిని నయము చేయుదుమను ప్రకటనలను నమ్మరాదు. తల్లిదండ్రు లిరువురును కొడవలి కణ వాహకులైనచో ప్రతి కాన్పునందును బిడ్డకు వ్యాధి సంక్రమించు అవకాశము నాలుగింట నొకటి. కనుక అట్టి కుటుంబములవారు వివాహమునకు పూర్వమే రక్తపరీక్ష చేయించుకొనుట నేడే చేయదగిన పని.